బ్రౌన్ దొర బ్యాకప్

మా హాస్టల్ రూమ్‌లో పాత అడ్వెంచర్ గేముల పిచ్చోళ్ళం నలుగురం ఉన్నామని మీలో చాలామందికి తెలుసు. ఆదివారం రాత్రి మెస్ అయిపోయాక ఎవడో ఒకడు కదిలిస్తాడు. ఇక తెల్లారేదాకా అదే ముచ్చట. 1990లో వచ్చిన మంకీ ఐలాండ్, 1993లో వచ్చిన మిస్ట్... అన్నీ మేం పుట్టకముందువే. అన్నల దగ్గర, నెట్ సెంటర్ల దగ్గర మాకు అంటుకున్నాయి. ఎవరి దగ్గర ఏ సీడీ ఉంది, ఏది స్కమ్‌వీఎమ్‌లో నడుస్తుంది, ఏది గీతలు పడి పోయింది, అంతా మాకు కంఠతా వచ్చు. సెకండియర్‌లో బెలుం గుహలకు పోయినప్పుడు కూడా గైడు చెప్పేది వినకుండా 1976 నాటి కొలోసల్ కేవ్ గురించే మాట్లాడుకున్నాం. ఆ గేము మొదట రాసిన విల్ క్రౌథర్ నిజంగానే గుహల్లో తిరిగి మ్యాపులు గీసినవాడు మరి.

ఈ వ్యాసం మాత్రం గేముల గురించి కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గురించి. సీపీ బ్రౌన్ అంటే మనకు బిట్ పేపర్లో నిఘంటువుకు ఎదురుగా జతపరిచే పేరు. నాకూ అంతే ఉండేది, పోయిన సంక్రాంతి సెలవుల దాకా.

ఆ సెలవుల్లో కడపలో మా ఇంటి అటక మీద నుంచి ఒక అట్టపెట్టె దించాను. అందులో మా పెద్దమ్మ కొడుకు ఇచ్చిన లాంగ్ నోట్‌బుక్కు ఉండాలి. అన్న ఒకప్పుడు ఏడురోడ్ల దగ్గర నెట్ సెంటర్ నడిపేవాడు. రాత్రి షట్టరు సగం దించి మిస్ట్ ఆడుతూ, చూసిన ప్రతిదీ ఆ బుక్కులో రాసుకున్నాడు. సెలెనిటిక్ అనే లోకంలో నేల కింద ఒక చిక్కుదారి ఉంటుంది. బండి ఆగినచోటల్లా వచ్చే శబ్దాన్ని బట్టి ఎటు తిరగాలో తెలుసుకోవాలి. అన్నకు ఆ సంగతి తెలీదు. ఒక్కో దారీ పోయి చూసి, తప్పయితే వెనక్కొచ్చి, తెలుగులో రాసుకుంటూ మొత్తం మ్యాపు గీశాడు. కువైట్ పోయేటప్పుడు ఆ బుక్కు, సీడీ నా చేతిలో పెట్టాడు.

మా జూనియర్ ఒకడు దాన్ని స్కాన్ చేద్దామని ఏడాదిగా అడుగుతున్నాడు. చేద్దాంలే అంటూ వచ్చాను. నిజం చెప్పాలంటే టైం లేక కాదు. అది నా ఒక్కడి దగ్గరే ఉండడం నాకు బాగుండేది. పెట్టె తెరిస్తే ఏముంది, చెదలు. అట్టలు రెండూ నిలిచాయి, లోపల మట్టి. సీడీ మీది పూత పెచ్చులు లేచిపోయింది.

ఇంట్లో ఉండబుద్ధి కాక సాయంత్రం బయటపడ్డాను. ఎర్రముక్కపల్లిలో బ్రౌన్ గ్రంథాలయం ముందు నుంచి లెక్కలేనన్నిసార్లు పోయి ఉంటాను, లోపలికి పోలేదు. ఆ రోజు పోయాను. తాటాకు కట్టలు కనిపించాయి. రెండు చెక్కల మధ్య దారం గుచ్చి కట్టిన ఆకులు, అంచులు పురుగు కొట్టినవి. వాటి ముందు నిలబడినప్పుడు ఈయనెవరో తెలుసుకోవాలనిపించింది. ఆ తర్వాత నెల రోజులు ఆయన గురించి దొరికిందల్లా చదివాను.

బ్రౌన్ పుట్టింది ఇంగ్లండులో కాదు, కలకత్తాలో, 1798 నవంబరు 10న. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. 1812లో తండ్రి చనిపోతే కుటుంబం ఇంగ్లండు చేరింది. కుర్రాడు హెయిలీబరీ కాలేజీలో కంపెనీ ఉద్యోగానికి చదువుకుని 1817 ఆగస్టులో మద్రాసులో ఓడ దిగాడు. అప్పటికి ఒక్క తెలుగు ముక్క రాదు. మద్రాసులో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర అక్షరాలు దిద్దాడు. నేర్చుకోక తప్పదు, అది ఉద్యోగపు పరీక్ష. 1820లో గవర్నరైన థామస్ మన్రో మన సీమలో 1800 నుంచి ఏడేళ్ళు కలెక్టరుగా తిరిగినవాడు, తర్వాత 1827లో మన పత్తికొండలోనే కలరాతో పోయినవాడు. జనం భాష రాని అధికారి దేనికీ పనికిరాడన్నది ఆయన పట్టుదల.

1820లో బ్రౌన్‌ను కడపకు వేశారు. వయసు 21. మన ఫైనలియర్ వాళ్ళ వయసే. పని కలెక్టరు కింద సహాయకుడు. పన్నులు, తగాదాలు, అర్జీలు. కచేరీలో రోజంతా చెవిన పడే తెలుగు ఒకటి, పండితుడు పాఠం చెప్పే తెలుగు ఇంకొకటి. రెండూ కావాలనుకున్నాడు. మరి చదవడానికి పుస్తకాలేవి? అచ్చయిన తెలుగు పుస్తకాలు దాదాపు లేవు. ఉన్నవి ఇళ్ళల్లో, మఠాల్లో తాటాకు కట్టలు. వాటినీ అప్పటికే చదవడం మానేసి అటకెక్కించారు.

కడప తర్వాత మచిలీపట్నం పంపారు. అక్కడ ఉండగా 1824లో దుబాయ్ అనే ఫ్రెంచి మతగురువు రాసిన పుస్తకంలో వేమన పేరు చూశాడు. మన వేమన మన దొరకు ఒక ఫ్రెంచి ఆయన పుస్తకంలో తగలడం చూడండి! పండితులను అడిగితే పెదవి విరిచారు. అది జనం నోట తిరిగే పద్యం, వాళ్ళ లెక్కలో సాహిత్యం కాదు. బ్రౌన్ పట్టు విడవలేదు. ఎక్కడెక్కడివో ప్రతులు తెప్పించాడు. ఏ రెండు ప్రతులూ కలవలేదు. ఒకదానిలో ఉన్న పద్యం ఇంకోదానిలో లేదు. ఉన్నా మాట మారింది, పాదం మారింది. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చి, 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అర్థంతో అచ్చువేయించాడు. పదేళ్ళ తర్వాత 1839లో 1164 పద్యాలతో మళ్ళీ వేశాడు. ఈ రోజు కడపలో వేమన పేరుతో యూనివర్సిటీ ఉంది. ఆ పేరుకూ మనకూ మధ్య ఈ పని ఉంది.

1826 ప్రాంతంలో మళ్ళీ కడపకు వచ్చాడు. ఊళ్ళో ఒక బంగళా, తోట కొన్నాడు. పండితులను, లేఖకులను సొంత జీతంలోంచి డబ్బులిచ్చి పెట్టుకున్నాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవారు. ఫీజు లేదు, ఎదురు జీతమే. దొరకు బదిలీ అయినా అక్కడ పని ఆగేది కాదు.

ఆ పని ఎలా జరిగేదో వింటే మనలో కోడింగ్ చేసేవాళ్ళకు ముచ్చటేస్తుంది. ఒక కావ్యానికి ఒక్క ప్రతి దొరికితే సరిపోదు. దొరికినన్ని తెప్పించాలి. ఒకదాన్ని కాగితం మీద శుభ్రంగా, ఎడం ఇచ్చి రాయించాలి. మిగతా ప్రతులు ఒకరు చదువుతుంటే ఇంకొకరు తేడాలు గుర్తించాలి. ఏ పాఠం సరైందో పండితులు చర్చించాలి. కఠినమైన పద్యాలకు వ్యాఖ్య రాయించాలి, పదాల పట్టిక కట్టించాలి. అప్పుడు బైండింగు. వసుచరిత్ర, మనుచరిత్ర ఇలా బయటపడ్డాయి. జూలూరి అప్పయ్య వంటి పండితుల చేతిపని అది. దొర పేరు అట్ట మీద ఉంది గానీ కళ్ళు పోగొట్టుకుని చదివింది వాళ్ళు. అది మరిచిపోకూడదు.

ఇదంతా చేసినవాడు కంపెనీ ఉద్యోగే, మన దగ్గర పన్నులు వసూలు చేసిన కంపెనీకే. దాన్ని కప్పిపుచ్చక్కర్లేదు. పండితుల మాట కాదని అరసున్నలు, బండి ఱలు తీసేయాలన్న మొండితనమూ ఉంది. కానీ 1833లో గుంటూరు సీమను కరువు తుడిచిపెట్టినప్పుడు ఆయన అక్కడ పనిచేస్తున్నాడు. పైఅధికారులకు నచ్చే మెత్తని మాట వాడకుండా కరువును కరువనే రాశాడు, దాంతో చీవాట్లు తిన్నాడు. కరువు అనే మాట బరువు మన సీమవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన నిఘంటువు మీద నాకు నమ్మకం కుదిరింది ఇక్కడే.

ఆ తర్వాత రోజులు బాగాలేవు. ఉద్యోగం దెబ్బతింది. పండితుల జీతాలకు, ప్రతులకు చేసిన అప్పులు మెడకు చుట్టుకున్నాయి. 1835లో ఇంగ్లండు పోయాడు. అలాంటప్పుడు ఇంకొకరైతే పాత కాగితాల మాట తలపెట్టరు. ఈయన లండన్‌లో ఇండియా హౌస్ లైబ్రరీకి పోయాడు. అక్కడ దక్షిణాది భాషల రాతప్రతులు చదివే దిక్కులేక పడి ఉన్నాయి. వాటిని చదవగలిగినవాళ్ళుండే చోటికే పంపాలని వెంటపడి 2106 ప్రతులను తిరిగి మద్రాసుకు చేరేలా చేశాడు.

ఇది చదివినప్పుడు మాకు కొలోసల్ కేవ్ గుర్తొచ్చింది. క్రౌథర్ రాసిన తొలి కోడ్ పోయిందనే అందరూ అనుకున్నారు. దానికి మెరుగులు దిద్దిన డాన్ వుడ్స్ స్టాన్‌ఫర్డ్‌లో చదివినప్పటి అకౌంట్ బ్యాకప్‌లో 2005లో బయటపడింది. ఎవరో తీసి పెట్టిన బ్యాకప్. అంతే.

బ్రౌన్ తిరిగొచ్చాక మద్రాసులోనే ఎక్కువ కాలం పనిచేశాడు. 1840లో వ్యాకరణం, 1852లో నిఘంటువు వచ్చాయి. కావ్యాల్లో మాటలతో పాటు సంతలో, పొలంలో, కచేరీలో జనం ఆడే మాటలనూ చేర్చుకున్నాడు. తెలుగులో కలిసిపోయిన పరభాషా మాటలకైతే మిశ్రభాషా నిఘంటువు అని వేరే కట్టాడు. మన హాస్టల్ తెలుగు వింటే మూర్ఛపోయేవాడు కాదు, రాసుకునేవాడు.

నన్ను ఆపేసిన సంగతి ఇది. అప్పులు చేసి, ఏళ్ళ తరబడి పోగేసిన ఆ ప్రతులన్నీ ఆయన ఇంట్లో పెట్టుకోలేదు. మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. తర్వాత అవి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. ఆయన దేశం విడిచి పోయినా, 1865 నుంచి లండన్ యూనివర్సిటీలో తెలుగు ప్రొఫెసరుగా ఉన్నా, 1884 డిసెంబరు 12న అక్కడే కన్నుమూసినా ప్రతులు ఇక్కడే ఉన్నాయి. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. కడప బంగళా పాడుబడి గోడలు మిగిలాయి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు 1980లలో విరాళాలు పోగుచేసి ఆ స్థలంలోనే గ్రంథాలయం లేపారు. నేను ఆ సాయంత్రం నిలబడింది అక్కడ.

అన్నకు చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆయన కూతురు ఇప్పుడు మిస్ట్ ఆడుతోందంట, నాన్న రాసిన బుక్కు చూపించమని అడిగిందంట. అందుకే ఫోన్ చేశాడు. చెదల సంగతి చెప్పేశాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. నేను తిట్టమన్నాను. తిట్టలేదు, పోనీలేరా అన్నాడు. అది తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

ఆ రాత్రి జూనియర్ వచ్చి తన ఫోన్ తెరిచాడు. ఎప్పుడో నేను బాత్రూమ్‌కు పోయినప్పుడు నాకు తెలీకుండా ఏడు పేజీలు ఫోటో తీశాడంట. వాణ్ణి కొట్టాలో మొక్కాలో తెలీలేదు. మిగతాదానికి బ్రౌన్ కాలేజీ పద్ధతే పట్టాం. ఏడు ఫోటోలు ఒక ప్రతి. శుక్రవారం శుక్రవారం అన్న ఫోన్లో గుర్తు చేసుకుని చెప్పేది ఇంకో ప్రతి. మేం గేము ఆడుతూ గీసుకునేది మూడోది. మూడూ కలవని చోట తేడా పక్కన రాస్తున్నాం, దిద్దడం లేదు. సరైన దారి నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. ఫలానా మలుపు దగ్గర అన్న ఎన్నిసార్లు తప్పిపోయాడో, విసుగొచ్చి తెలుగులో ఏం రాసుకున్నాడో ఇంకెక్కడా దొరకదు. గుర్తురాని పేజీలు ఖాళీగానే వదిలాం. మొత్తం కాపీ అన్న దగ్గర ఒకటి, పాప దగ్గర ఒకటి, జూనియర్ దగ్గర ఒకటి, క్లబ్ డ్రైవ్‌లో ఒకటి ఉన్నాయి. నా దగ్గర ఉన్నది ఐదోది.

మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటివి ఉంటాయి. అన్న రాసుకున్న చీట్ కోడ్ల చీటీ, మామ దాచిన ఫ్లాపీలు, అవ్వ పాటల నోట్‌బుక్కు, తాత తాటాకు కట్ట. ఈ సెలవులకు పోయినప్పుడు అటక ఎక్కి చూడండి. క్లబ్ రూమ్‌లో స్కానర్ ఉంది. శనివారం మధ్యాహ్నం నేనూ, ఆ జూనియరూ అక్కడే ఉంటాం.