దమ్మిడీ నేర్పిన ఓర్పు

గోదావరి తల్లికి ఎగువన, మహారాష్ట్రలో, శాతవాహనుల రాజధానియైన ప్రతిష్ఠానపురం ఉన్నది. నేటి పైఠణ్ అదే. 16వ శతాబ్దంలో అక్కడ జన్మించి, 1599లో ఫాల్గుణ బహుళ షష్ఠినాడు ఆ నదిలోనే దేహం చాలించిన మహాభక్తుడు ఏకనాథుడు. స్నానం చేసి వస్తున్న తనపై ఒకడు మాటిమాటికీ ఉమ్మివేయగా, కోపగించక నూట ఎనిమిది మార్లు నదిలో మునిగాడని చెబుతారు. ఈ కథ మీకు తెలిసినదే. అయితే పిల్లలకు దీనికంటె ముందు చెప్పవలసిన కథ ఒకటున్నది.

పసితనంలోనే తల్లిదండ్రులు గతించగా ఏకనాథుడు తాతగారి వద్ద పెరిగాడు. బాల్యం వీడకముందే గురువును వెదుకుతూ దేవగిరి చేరాడు. ఆ దుర్గాధిపతి జనార్దన స్వామి రాజకార్యం నడుపుతూనే దత్తాత్రేయుని ఉపాసించిన గృహస్థు. ఆయన శిష్యునికి జమాఖర్చుల పుస్తకం అప్పగించాడు. ఒకనాడు లెక్కలో దమ్మిడీ తేడా వచ్చింది. బాలుడు దీపం ముందు కూర్చుండి, మొదటి పద్దు నుండి మరల కూడనారంభించాడు. నిద్రాహారాలు మరచాడు. తెల్లవారబోతుండగా తప్పు దొరికింది. ఆనందం పట్టలేక చప్పట్లు చరిచాడు. ఆ సవ్వడికి లేచివచ్చిన గురువు, ఇదే ఏకాగ్రత భగవంతునిపై నిలిపితే చాలునని బోధించాడట.

గమనించండి. పని ముందు, బోధ తరువాత. మన ఇండ్లలో పిల్లవాడు కాస్త విసుగుకొనగానే ఆ పని మనమే పూర్తి చేసి పెడుతున్నాము కదా! వాడికి ఓర్పు ఎక్కడ నుండి వస్తుంది?

ఆ రాత్రి అలవడిన గుణమే పెద్దయ్యాక అక్కరకు వచ్చింది. జ్ఞానేశ్వరి వెలసి మూడు వందల ఏండ్లు కావస్తుండగా, వ్రాతప్రతులలో తప్పులు పేరుకొన్నాయి. ఏకనాథుడు ప్రతులను పోల్చి చూచి 1584లో శుద్ధప్రతిని సిద్ధం చేశాడు.

అసలు పరీక్ష ఇంటిలోనే ఎదురైంది. కుమారుడు హరిపండితుడు మహావిద్వాంసుడు. తండ్రి మరాఠీలో పురాణం చెప్పడం, అన్ని కులాల వారి ఇండ్లలో భుజించడం సహించలేక కాశీకి వెళ్లిపోయాడు. తండ్రి వెంటవెళ్లి బతిమాలి, ఆ రెండూ మానుతానని మాట ఇచ్చి తీసుకువచ్చాడు. శ్రోతలు తగ్గిపోయినా మాట తప్పలేదు. కొన్నాళ్లకు, వేయి మందికి అన్నం పెట్టే మొక్కు తీర్చుకోలేని ఒక పేదరాలు ఏకనాథునికి పెడితే చాలునని వచ్చింది. హరిపండితుడు తానే వండి వడ్డించాడు. భోజనానంతరం విస్తరి తీయగా క్రింద మరొక విస్తరి, అది తీయగా ఇంకొకటి, అలా వేయి వచ్చాయని భక్తులు చెప్పుకొంటారు. ఆనాడు హరిపండితుడు తండ్రికి పెట్టిన నియమాలను తానే తొలగించాడు.