పంపినవాడే బయలుదేరాడు

త్రోయలో ఉన్న పౌలుకు ఒక రాత్రి దర్శనం కలిగింది. మాసిదోనియ మనిషి ఒకడు నిలబడి, తమ దేశానికి వచ్చి సహాయం చేయమని వేడుకున్నాడు. పౌలు ఆలస్యం చేయక ఓడ ఎక్కాడు. అలాంటి పిలుపే మన తెలుగు నేల నుంచి ఒక తమిళ యువకునికి వినిపించింది. ఆయనే బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో ఒక గ్రామ పాదిరి ఇంట జన్మించారు. చదువు తరువాత వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా ఊరూరా తిరిగి యువకులను ప్రభువు సేవకు పురికొల్పారు. మన దేశ విశ్వాసులే తమ కానుకలతో సువార్తికులను పంపాలన్న భారంతో 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనలో పాలుపొందారు. ఆ సొసైటీ నిజాం రాజ్యంలోని దోర్నకల్‌ను సేవాస్థలంగా ఎంచుకుంది.

అయితే ఒక ప్రశ్న ఆయనను నిద్రపోనివ్వలేదు. ఇతరులను వెళ్లమంటున్న తాను ఎందుకు వెళ్లలేదు? ఆ ప్రశ్నకు ఆయన మాటలతో జవాబు చెప్పలేదు. మంచి ఉద్యోగం వదిలి, 1909లో అభిషేకం పొంది, దోర్నకల్ చేరారు. భాష రాదు. పెద్ద వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకున్నారు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, భారతీయ విశ్వాసులను స్నేహితులుగా చూడాలని నిర్మొహమాటంగా కోరారు. ఆ మాట కొందరికి నొప్పి కలిగించింది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్ అయ్యారు.

1920లో దోర్నకల్ డయోసిస్ విస్తరించినప్పుడు కర్నూలు, కడప జిల్లాల ఎస్.పి.జి. మిషన్ సంఘాలు కూడా ఆయన కాపుదలలోకి వచ్చాయి. అంటే నంద్యాల, ఆళ్లగడ్డ, పాణ్యం వైపు ఉన్న మన పల్లెలకు ఆయన పరాయివాడు కాడు. బాప్తిస్మం పొందినవారు తమ తలపై చేయి ఉంచుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పౌలు వలె ఒప్పుకోవాలని ఆయన నేర్పారు. పాదిరిగారికి మాత్రమే కాదు, కూలికి వెళ్లే అక్కకు కూడా పిలుపు ఉందన్నది ఆయన నమ్మకం. అందుకే ఆయన కాలంలో ఆ డయోసిస్‌లో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది.

సంఘాలు ఒకటి కావాలని ఆయన ఎంతో ప్రయాసపడ్డారు. 1945 జనవరి 1న ప్రభువు నందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆ దినాన్ని ఆయన చూడలేదు. నంద్యాల ప్రాంతంలోని ఎన్నో సంఘాలు ఆ ఐక్యతలో చేరడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. విత్తేవాడు ఒకడు, కోసేవాడు మరొకడు!

ప్రియులారా, మనం కానుక వేస్తున్నాం, సువార్తికుల కోసం ప్రార్థిస్తున్నాం. అది మంచిదే. కానీ పక్క వీధికి వెళ్లడానికి మన కాళ్లు ఎందుకు కదలడం లేదు? మనతో మాట్లాడని సహోదరుని గడప తొక్కడానికి ఎందుకు వెనుకాడుతున్నాం? అజరయ్యను నిద్రపోనివ్వని ప్రశ్న ఈ ఆదివారం మనలను కూడా తట్టిలేపును గాక! ఆమేన్.