మిగిలిన వెలుగు: గణిత పండితుడైన ఆయిలరు జీవితము

వాక్యభాగము: 2 కొరింథీయులకు 12:7-10

అపొస్తలుడైన పౌలు తన శరీరములోని ముల్లు తొలగవలెనని ముమ్మారు వేడుకొనెను. ముల్లు తొలగలేదు, దానిని భరించుటకు కృప లభించెను. లియోనార్డ్ ఆయిలరు జీవితములో ఈ సత్యమును మనము కన్నులార చూడగలము. మన పిల్లలు బడిలో గణితమునకు వాడు గుర్తులలో కొన్ని ఆయన వాడుకలోనికి తెచ్చినవే.

ఆయన 1707లో స్విట్జర్లాండులోని బాసెల్ పట్టణమున ఒక సంఘకాపరికి జన్మించెను. 1727లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గునకు వెళ్లి అచ్చట పండితుల సభలో చేరెను. 1735లో జ్వరముతో మరణద్వారము వరకు వెళ్లి బ్రదికెను. 1738లో, 31వ యేట, కుడికంటి చూపు పోయెను. అయినను పని మానలేదు.

1741లో ఆయన బెర్లినునకు వెళ్లెను. అచ్చటి రాజైన రెండవ ఫ్రెడరిక్ తన ఉత్తరములలో ఆయనను ఒంటికంటి రాక్షసునితో పోల్చి ఎగతాళి చేసెను. ఆ పట్టణముననే ఆయిలరు 1747లో దైవవాక్యమును సమర్థించుచు ఒక గ్రంథము ప్రకటించెను. తన యింటివారిని కూర్చి కుటుంబ ప్రార్థన జరుపుట ఆయనకు అలవాటు.

1766లో తిరిగి రష్యా చేరిన పిమ్మట ఎడమకంటిని శుక్లము కమ్మెను. 1771లో శస్త్రచికిత్స జరిగి కొన్ని దినములు చూపు వచ్చెను గాని, కన్ను చీము పట్టి మరల చీకటియాయెను. ఆ యేడే ఇల్లు కాలిపోగా, పీటర్ గ్రిమ్ అను స్వదేశీయుడు ఆయనను మంటలలోనుండి మోసికొని వచ్చెను. 1773లో భార్య కతరీనా మరణించెను. 13 మంది పిల్లలలో 8 మంది పసితనముననే పోయిరి.

ఇంత దుఃఖములో ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. గొప్ప పలకపై సుద్దతో పెద్ద అక్షరములు వ్రాసెను. బీజగణిత గ్రంథమును, కుట్టుపని నేర్చిన ఒక పనివానికి చెప్పి వ్రాయించెను. కుమారులును శిష్యులును ఆయనకు కన్నులైరి. ఆయన రచనలు 800కు పైగా నున్నవి. వాటిలో దాదాపు సగము 1766 తరువాతివే. 1783లో మరణించిన దినమున సహితము లెక్కలు కట్టుచుండెను.

ప్రియులారా, మన పల్లెలలో ముల్లు గ్రుచ్చుకొనియో, ఎద్దు కొమ్ము తగిలియో కన్ను పోగొట్టుకొనినవారున్నారు. వారు ఏడ్చుట అవిశ్వాసము కాదు. మొదట దూరము సరిగా తెలియక చేయి తడబడును, అడుగు తప్పును. కొన్ని నెలలకు అలవాటగును. దానికంటె లోతైన గాయము, ఎదురు వచ్చిన వారిని అపశకునమని మనము ముఖము త్రిప్పుకొనుట. ఫ్రెడరిక్ రాజు పాపము మన వీధిలో ఉండకూడదు. వారికి పని ఇత్తము, ప్రక్కన కూర్చుండబెట్టుకొందము, వాక్యము చదివి వినిపింతము. కన్ను పోయిన సహోదరుడా, సహోదరీ, సహాయము చేయు చేతిని త్రోసివేయకుము; ఆ చేతిద్వారా కృప నీ యొద్దకు వచ్చుచుండవచ్చును.

ప్రార్థన: ప్రభువా, పోయినదానికొరకు ఏడ్చువారిని ఓదార్చుము. మిగిలినదానితో నిన్ను సేవించు బలము మాకిమ్ము. ఆమేన్.