మైదానపు ఉపాధ్యాయుడు - రహీం సాహెబ్

1950వ దశకంలో హైదరాబాదు నగరాన ఫుట్‌బాల్ ఋతువు వచ్చిందంటే వాదోపవాదాలకు కొదవ ఉండేది కాదు. ఈ యేడు పోలీసు జట్టులో నిలిచేదెవరు, కలకత్తాకు తరలిపోయేదెవరు, ఖాళీ అయిన స్థానంలోకి రాబోయే కుర్రవాడు ఏ బస్తీవాడు అన్న ప్రశ్నలు ఇరానీ హోటళ్ళలో చాయ్ చల్లారేదాకా సాగేవి. ఆ ప్రశ్నలన్నింటికీ సమాధానం తెలిసిన వ్యక్తి మాత్రం ఒక్కడే. ఆయన పోలీసు అధికారి కాడు; క్లబ్బులను పోషించే శ్రీమంతుడూ కాడు. బడిపిల్లలకు పాఠాలు చెప్పుకొనే ఉపాధ్యాయుడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. క్రీడాలోకానికి ఆయన రహీం సాహెబ్.

రహీం 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడయ్యాడు. విద్యార్థి దశలో విశ్వవిద్యాలయ జట్టు పక్షాన ఆడి మంచి ఆటగాడనిపించుకొన్నాడు. చదువు ముగిసిన పిదప కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలోను పనిచేశాడు. నడుమ వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా సంపాదించాడు. తరగతి గదిలో అలవడిన ఓర్పూ, తప్పును దిద్దే నేర్పూ మైదానంలో ఆయనకు చివరివరకూ తోడుగా ఉన్నాయి.

1943లో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. సాధారణంగా ఇటువంటి పదవి దక్కినవారు సభలకు అధ్యక్షత వహించి, బహుమతులు పంచి తృప్తిపడతారు. రహీం అలా తృప్తిపడలేదు. మన కుర్రవాళ్ళ ఆటలో ఆయన కొన్ని లోపాలు గుర్తించాడు. బంతి దొరికినవాడు దానిని వదలడు. ఎదుటివారిని ఒక్కొక్కరినే తప్పించుకొంటూ పోవడమే గొప్ప అనుకొంటాడు. చాలామందికి ఒక కాలే వాటం. రెండవ కాలు నిలబడడానికి తప్ప మరెందుకూ కొరగాదు. ఉపన్యాసాలతో ఈ లోపాలు పోవని ఎరిగిన ఉపాధ్యాయుడాయన. అందుచేత పోటీల నియమాలనే మార్చివేశాడు. వాటం లేని కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టించాడు. బంతిని నడిపించుకొంటూ పోవడం నిషిద్ధమై, అందించడం మాత్రమే చెల్లే పోటీలు నడిపాడు. పొట్టివారికని ప్రత్యేకంగా పోటీలు జరిపించాడు. పిల్లలు నవ్వుకొంటూ ఆడారు, ఆడుతూ నేర్చుకొన్నారు. నియమాన్ని కొంచెం బిగించి నేర్పును పెంచడం మన ఛందస్సు ఎరిగిన విద్యే. యతిప్రాసల కట్టుబాటులో నలిగిన కవికి మాట వశమైనట్లు, ఆ కట్టుబాటులో ఆడిన బాలురకు బంతి వశమయింది.

1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత ఆయన చేతికి వచ్చింది. ఆ యేడే పోలీసులు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచారు. మరుసటి యేడూ గెలిచారు. 1954 వరకు వరుసగా 5 సార్లు ఆ కప్పు హైదరాబాదుకే వచ్చింది. దేశంలో అతి ప్రాచీనమైన డ్యూరాండ్ పోటీలోనూ ఆయన హయాములో 4 పర్యాయాలు విజేతలయ్యారు. కలకత్తా మహాజట్ల ముందు ఒక నగర పోలీసు దళం ఇలా నిలిచిందంటే ఆనాటి వారికి నమ్మశక్యం కాలేదు.

ఈ కీర్తే ఒక చిక్కును కూడా వెంటబెట్టుకొని వచ్చింది. ఆ రోజులలో భారత ఫుట్‌బాల్‌కు రాజధాని కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్లకున్న అభిమాన జనం మరే నగరంలోనూ లేదు. కాగితాలపై ఆట ఔత్సాహికులదే. జీతమన్న మాట వినబడకూడదు. కాని చేతికి కొంత సొమ్ము, ఉండడానికి చోటు, కుదిరితే రైల్వేలోనో మరొక సంస్థలోనో కొలువు దొరికేవి. లీగు మొదలు కావడానికి ముందు క్లబ్బు మారదలచిన ఆటగాడు అక్కడి ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యాలయంలో సంతకం చేయాలి. ఆ సంతకాల దినాలలో వదంతులకు రెక్కలు మొలిచేవి. ఫలానావాడు హౌరా రైలెక్కాడని ఒకరు, ఎక్కినవాడు నాగపూరులో దిగిపోయాడని మరొకరు చెప్పుకొనే కాలమది. పేద ఇంటి కుర్రవాడికి పిలుపు వస్తే కాదనమని చెప్పడం ధర్మమా? పొమ్మంటే తాను కట్టిన జట్టు ఏమి కావాలి?

తులసీదాస్ బలరాం కథ చూస్తే ఈ చిక్కు ఎంత లోతైనదో తెలుస్తుంది. బలరాం సికింద్రాబాదు శివార్లలోని అమ్ముగూడ గ్రామంలో పుట్టిన తమిళ కుటుంబపు బాలుడు. ఇంట్లో కలిమి లేదు. అతని ఆట రహీం కంట బడింది. నగరం నడిబొడ్డున ఉన్న ఫతే మైదానానికి, నేటి లాల్ బహదూర్ స్టేడియానికి, సాధనకు రమ్మని ఆయన పిలిచాడు. అంత దూరం వచ్చే దారి లేదని కుర్రవాడు సంకోచించాడు. అద్దె సైకిలుకు కావలసిన డబ్బు రహీం తన జేబులోనుంచే ఇచ్చాడు. ఉపాధ్యాయుని జీతం ఎంతటిదో ఎరిగినవారికి ఆ చిల్లర విలువ తెలుస్తుంది. 1956-57, 1957-58 సంవత్సరాలలో హైదరాబాదు వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ జట్టుకు బలరాం మేటి బలం. ఇరవై యేళ్ళ ప్రాయంలోనే అతడు ఒలింపిక్ జట్టులో చోటు సంపాదించాడు. 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్ళిపోయాడు. నాలుగేళ్ళ తరువాత ఆ క్లబ్బుకే సారథి అయ్యాడు.

కణ్వమహర్షి శకుంతలను అత్తవారింటికి సాగనంపినట్లు రహీం తన శిష్యులను కలకత్తాకు సాగనంపాడని అనడం అతిశయోక్తి కావచ్చు. నగరానికి మాత్రం ప్రతి వీడ్కోలూ ఒక లోటే. ఆ లోటుకు రహీం వెదకిన విరుగుడు ఒక్కటే: వెళ్ళినవాని స్థానంలోకి వచ్చేవాడు బస్తీ మైదానంలో అప్పటికే సిద్ధమవుతూ ఉండాలి. వాటం లేని కాలి పోటీలు, బంతి అందింపు పోటీలు నడిపినది ఇందుకే. పేరుమోసినవారిని పోగు చేసుకొనే క్లబ్బులు ఒక పక్షం, పేరులేనివారిని తీర్చిదిద్దే బడి మరొక పక్షం. అయిదేళ్ళ రోవర్స్ విజయాల వెనుక ఉన్నది ఈ రెండవ పక్షమే. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటివారు పోలీసు జట్టునే నమ్ముకొని నిలిచారన్న సంగతి కూడా ఇక్కడ మరువరాదు.

భారత జట్టు శిక్షకుడుగా రహీం ఎదుర్కొన్న తొలి పెద్ద పరీక్ష 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలు. తుది పోటీలో మేవాలాల్ సాధించిన ఒకే ఒక గోలుతో భారతం ఇరాన్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి యేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆ గర్వం నేల కలిసింది. మనవారిలో అధికులు పాదరక్షలు లేకుండానే ఆడారు. చలిదేశపు పచ్చికపై యుగోస్లావియా మనపై 10 గోల్సు చేసింది. మనం చేసినది ఒక్కటి. ఆ పరాభవం తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. ఉత్త కాళ్ళతో ఆడడమే మన ప్రత్యేకత అని మురిసిపోయిన అభిమానులకు అది చేదుమందు. రహీం మాత్రం ఓటమిని తలచుకొని కూర్చోలేదు. ఆ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన హంగరీ ఆటను శ్రద్ధగా పరిశీలించాడు. వారి నడిమి ముందాటగాడు ప్రత్యర్థి గోలు దగ్గర కాపు వేయక, వెనుకకు జారి వచ్చి బంతి అందుకొని పంచుతున్నాడు. అతనిని వెంబడించాలో, తన చోటనే నిలవాలో తెలియక ప్రత్యర్థి రక్షకుడు తబ్బిబ్బవుతున్నాడు. తరువాతి పోటీలలో రహీం ఆ విధానాన్ని మన జట్టు చేత ఆడించి ఫలితం సాధించాడు.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ మన ఫుట్‌బాల్ చరిత్రలో ఎత్తైన మెట్టు. తొలి పోటీలో తలపడవలసిన హంగరీ జట్టు రాలేదు. తరువాత ఆతిథేయ ఆస్ట్రేలియాను భారతం 4-2 తేడాతో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే 3 గోల్సు చేశాడు. ఒలింపిక్స్‌లో ఆ ఘనత పొందిన తొలి ఆసియా వాసి అతడు. సెమీఫైనల్లో మళ్ళీ యుగోస్లావియాయే ఎదురైంది. ద్వితీయార్ధంలో ముందుగా గోలు చేసినది మనమే. చివరకు 1-4తో ఓడిపోయినా, హెల్సింకీలో 10 గోల్సు మూటగట్టుకొని వచ్చిన జట్టు అదే ప్రత్యర్థిపై కొంతసేపు ఆధిక్యంలో నిలిచింది. నాలుగేళ్ళ పాఠం ఎంతవరకు ఒంటబట్టిందో కొలవడానికి ఇంతకంటె మంచి కొలబద్ద లేదు. కాంస్యం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో ఓడి మనవారు నాలుగవ స్థానంతో తిరిగివచ్చారు. ఆ జట్టులో నూర్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరాం మన నగరం పంపినవారే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్సును 1-1తో నిలువరించడం మినహా చెప్పుకోదగిన ఫలితం రాలేదు. ఆ జట్టులో రహీం కుమారుడు హకీం కూడా సభ్యుడు.

1962 నాటికి రహీం ఆరోగ్యం క్షీణించసాగింది. అయినా జకార్తా ఆసియా క్రీడలకు జట్టును సిద్ధం చేసే బాధ్యతను వదలలేదు. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి ఎదురైంది. తరువాత థాయిలాండ్‌పై, జపాన్‌పై గెలిచారు గాని, థాయిలాండ్‌తో ఆడుతూ రక్షణపంక్తికి మూలస్తంభమైన జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. గాయపడిన రక్షకుని కూర్చోబెట్టడం లోకరీతి. రహీం అలా చేయలేదు. అతని స్థానం అరుణ్ ఘోష్‌కు అప్పగించి, జర్నైల్‌ను ముందువరుస నడుమకు పంపాడు. కళాశాల రోజులలో జర్నైల్ ఆ స్థానంలో ఆడినవాడే. ఈ మార్పు విన్నవారు విస్తుపోయారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచినప్పుడు ఆ మూడింటిలో ఒక గోలు జర్నైల్‌దే.

తుది పోటీ సెప్టెంబరు 4న, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. ఆట కంటె బయటి వాతావరణం భయంకరంగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేసియా ప్రవేశం నిరాకరించగా, భారతదేశానికి చెందిన క్రీడాధికారి గురుదత్ సోంధీ ఆ క్రీడలకు ఆసియా క్రీడలన్న పేరు తగదని అభ్యంతరం చెప్పాడు. దానితో జకార్తా జనం భారతీయులపై ఆగ్రహోదగ్రులయ్యారు. మన రాయబార కార్యాలయంపై దాడి కూడా జరిగింది. ఆటగాళ్ళ బస్సుకున్న జాతీయ పతాకాన్ని తీసివేసి ప్రయాణించవలసి వచ్చింది. ముందు రాత్రి రహీం జట్టును చుట్టూ కూర్చోబెట్టుకొని, తనకొక కానుక కావాలని, అది రేపటి స్వర్ణమేనని కోరినట్లు ఆ జట్టువారు తరువాతి కాలంలో చెప్పుకొన్నారు.

గోలు ముందు ఎవరిని నిలపాలన్నది ఆయనకు మిగిలిన చివరి సమస్య. పీటర్ తంగరాజ్ జ్వరపడగా ప్రద్యోత్ బర్మన్ చక్కగా ఆడుతూ వచ్చాడు. బాగా ఆడుతున్నవానిని తొలగించడం శిక్షకునికి కష్టమైన పని. అయినా కొరియన్లు గాలిలో బంతులు ఎక్కువగా వేస్తారు గనుక ఆజానుబాహువైన తంగరాజ్‌నే రహీం ఎన్నుకొన్నాడు. బర్మన్ పట్ల ఇది అన్యాయం కాదా అని నేటికీ వాదించవచ్చు. సుమారు లక్షమంది ప్రేక్షకుల ఈలలు, కేకల నడుమ ఆట మొదలైంది. మనవారి కోసం చప్పట్లు కొట్టిన గొంతులలో పాకిస్తాన్ హాకీ జట్టువారివి ఉన్నాయని మన ఆటగాళ్ళు ఆనక స్మరించుకొన్నారు. తొలి 20 నిమిషాలలోనే ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలు, నెత్తిన కట్టుతో ఆడుతున్న జర్నైల్ మరొక గోలు సాధించారు. కొరియా ఆట చివరలో ఒకటి మాత్రమే తిరిగి ఇవ్వగలిగింది. చునీ గోస్వామి నాయకత్వంలోని భారత జట్టు స్వర్ణపతకం అందుకొంది.

అది గురువు అడిగిన కానుకే. చివరి కానుక కూడా. ఊపిరితిత్తుల క్యాన్సరుతో మంచం పట్టిన రహీం 1963 జూన్ 11న, 53 ఏళ్ళ వయస్సులో కన్నుమూశాడు. శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం వెలసినది ఆయన పోయిన 22 ఏళ్ళకు. ఆయన జీవితం ఆధారంగా 2024లో హిందీలో మైదాన్ అన్న చలనచిత్రం వచ్చేవరకు, దేశంలో చాలామందికి ఆ పేరే తెలియదు. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మళ్ళీ మన దేశానికి రాలేదు.

1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన భారత జట్టుకు సారథి హైదరాబాదువాడైన సయ్యద్ నయీముద్దీన్. అతడు పోలీసు జట్టులో అడుగుపెట్టినది 1962లో, రహీం సాహెబ్ ఇంకా మైదానానికి వస్తున్న రోజులలో. 1966లో అతనికీ కలకత్తా నుండి పిలుపు వచ్చింది. అతడూ ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయాడు. అతని స్థానంలో ఎవరు ఆడతారని నగరంలో మళ్ళీ చర్చలు మొదలైనప్పుడు, సమాధానం చెప్పే మనిషి లేడు.