అనీ బిసెంట్: రెండు కస్టడీ కేసులు, ఒక తల్లి

అనీ బిసెంట్ పేరు వినగానే హోంరూల్ ఉద్యమం, 1917లో కాంగ్రెస్ అధ్యక్షురాలు అని స్కూల్ పాఠం గుర్తొస్తుంది. కానీ ఆమె జీవితంలో రెండు కస్టడీ కేసులున్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. ఒకదాంట్లో ఆమె బిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఇంకోదాంట్లో ఒక తెలుగు తండ్రికి ఎదురు నిలబడ్డ మనిషి. తలాక్, ఖులా తర్వాత పిల్లల కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్న కుటుంబాలు మన దగ్గరా ఉన్నాయి కాబట్టి ఈ కథ మనకూ పనికొస్తుంది.

ఆమె 1847 అక్టోబర్ 1న లండన్‌లో పుట్టింది. ఐదేళ్ల వయసులో తండ్రి చనిపోయాడు. ఇరవై ఏళ్లకు ఫ్రాంక్ బిసెంట్ అనే చర్చి పాదిరీతో పెళ్లయింది. 1869లో కొడుకు డిగ్బీ, 1870లో కూతురు మేబెల్ పుట్టారు. కాపురం మొదటి నుంచీ సరిగా సాగలేదు. అప్పటి ఇంగ్లాండ్ చట్టం ప్రకారం పెళ్లయిన ఆడమనిషి కథలు రాసి సంపాదించిన డబ్బు కూడా భర్తదే. మేబెల్‌కు కోరింత దగ్గు వచ్చి చావు అంచుదాకా వెళ్లినప్పుడు అనీకి మత విశ్వాసం మీదే అనుమానాలు మొదలయ్యాయి. చర్చి ప్రార్థనల్లో పూర్తిగా పాల్గొననని చెప్పింది. 1873లో ఇద్దరూ విడిపోయారు.

విడిపోయేటప్పుడు ఒప్పందం రాసుకున్నారు. కొడుకు తండ్రి దగ్గర, కూతురు తల్లి దగ్గర. భర్త కొద్దిపాటి ఖర్చు ఇవ్వాలి. ఆ డబ్బు చాలక ఆమె రాతపనితో, ఉపన్యాసాలతో ఇల్లు నడుపుకుంది.

1877లో సంతాన నియంత్రణ గురించిన ఒక చిన్న పుస్తకం అచ్చేసినందుకు ఆమె మీద, చార్లెస్ బ్రాడ్లా మీద కేసు పడింది. ఆ మరుసటి ఏడాదే ఫ్రాంక్ కోర్టుకెళ్లాడు. దేవుణ్ణి నమ్మని, ఇలాంటి పుస్తకాలు వేసే ఆడమనిషి దగ్గర కూతురు పెరగకూడదన్నాడు. అనీ తన కేసు తానే వాదించుకుంది. ఆమె బిడ్డను బాగా చూసుకోవట్లేదని కాదు, ఆమె నమ్మకాల కారణంగానే జడ్జి జార్జ్ జెస్సెల్ మేబెల్‌ను తండ్రికి అప్పగించాడు. మేబెల్‌కు అప్పుడు ఏడేళ్లు. రాసుకున్న ఒప్పందం ఏమాత్రం పనికిరాలేదు.

అప్పీల్లో పిల్లలను కలిసే హక్కు మాత్రం వచ్చింది. కానీ కలిసి విడిపోయిన ప్రతిసారీ పిల్లలు నలిగిపోతున్నారని చూసి, వాళ్లకు బుద్ధి తెలిసేదాకా కలవకూడదని ఆమే నిర్ణయించుకుంది. పెద్దయ్యాక ఇద్దరూ తమంతట తామే తల్లి దగ్గరికి వచ్చారు.

1893లో ఆమె ఇండియాకు వచ్చింది. 1907లో థియోసాఫికల్ సొసైటీ అధ్యక్షురాలై మద్రాసు దగ్గర అడయార్‌లో ఉంది. అక్కడే మదనపల్లెతో సంబంధమున్న జిడ్డు నారాయణయ్య అనే రిటైర్డ్ రెవెన్యూ ఉద్యోగి పిల్లలతో ఉండేవాడు. భార్య అప్పటికే చనిపోయింది. ఆయన కొడుకు కృష్ణమూర్తి ప్రపంచ గురువు అవుతాడని సొసైటీవాళ్లు నమ్మారు. 1910లో నారాయణయ్య కృష్ణమూర్తిని, తమ్ముడు నిత్యానందను అనీ బిసెంట్ సంరక్షణలో పెడుతూ కాగితం రాసిచ్చాడు. ఆమె వాళ్లను చదువు కోసం ఇంగ్లాండ్ తీసుకెళ్లింది.

తర్వాత తండ్రి మనసు మారింది. కొడుకును అవతార పురుషుడిగా చూడటం, లెడ్‌బీటర్ అనే సొసైటీ పెద్ద దగ్గర పిల్లలు ఉండటం ఆయనకు నచ్చలేదు. 1912లో కేసు వేశాడు. ఆయన తరఫున సి.పి. రామస్వామి అయ్యర్ వాదించాడు. అనీ బిసెంట్ మళ్లీ తన వాదన తానే వినిపించింది. 1913లో మద్రాసు హైకోర్టు పిల్లలను తండ్రికి ఇచ్చేయమంది. ఆమె లండన్‌లోని ప్రివీ కౌన్సిల్‌కు వెళ్లి 1914 మేలో గెలిచింది.

ఆ తీర్పులో మనకు పనికొచ్చే మాటలు మూడున్నాయి. తండ్రి సంరక్షణ హక్కు ఒక అమానత్ లాంటిది, కాగితం రాసి ఇంకొకరికి శాశ్వతంగా ధారపోయలేడు. పిల్లలు మామూలుగా ఎక్కడ ఉంటారో ఆ ప్రాంతపు కోర్టులోనే కేసు నడవాలి. మూడోది, పిల్లల మంచి ఏమిటో, వాళ్ల తరఫు మాట ఏమిటో వినకుండా తేల్చకూడదు.

ఆ కేసు మామూలు దావాగా నడిచింది కానీ, ఇలాంటి విషయం గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890 ప్రకారం నడవాల్సిందని ప్రివీ కౌన్సిల్ చెప్పింది. ఆ చట్టం ఈ రోజుకీ అమల్లో ఉంది. ముస్లిం కుటుంబాల కేసులూ దాని కిందే వస్తాయి. హనఫీ పద్ధతిలో కొడుకు ఏడేళ్ల దాకా, కూతురు యుక్తవయసు దాకా తల్లి హిజానత్‌లో ఉంటారు. కోర్టు దాన్ని చూస్తుంది, కానీ బిడ్డ మేలునూ, తెలివి వచ్చిన బిడ్డ ఇష్టాన్నీ కూడా చూస్తుంది. బిడ్డ తల్లితో కొత్తకోటలో ఉంటే, కొత్తకోట ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో అక్కడే కేసు.

ఖర్చు సంగతి వేరే. బిడ్డ తల్లి దగ్గరున్నా నఫ్ఖా తండ్రి మీదే. తలాక్ అయినా ఈ బాధ్యత పోదని, మైనర్ పిల్లలకు తండ్రి ఖర్చు ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 1997లో స్పష్టం చేసింది. పెద్దల ముందు స్టాంపు కాగితం మీద పిల్లల ఖర్చు అడగనని తల్లి రాసిచ్చినా, అది బిడ్డ హక్కును తీసేయదు. ఆ డబ్బు తల్లిది కాదు, బిడ్డది.

అనీ బిసెంట్ 1933 సెప్టెంబర్ 20న అడయార్‌లో చనిపోయింది. ఆమె గెలుచుకున్న కృష్ణమూర్తి అంతకు నాలుగేళ్ల ముందే, 1929లో, గురువు పదవి వద్దని తన కోసం పెట్టిన సంస్థనే రద్దు చేసి తన దారి తాను చూసుకున్నాడు. కోర్టుకెళ్లి తండ్రీ ఆయన్ను దక్కించుకోలేదు, గెలిచిన అనీ బిసెంట్ కూడా తను అనుకున్నట్టు మలచలేకపోయింది. ఎవరు గెలిచినా పిల్లలు పెద్దవుతారు. అప్పుడు వాళ్లకు గుర్తుండేది తీర్పు కాదు, గొడవ నడిచినన్నాళ్లూ తమ ఫీజు ఎవరు కట్టారు, తమ మాట ఎవరు విన్నారు అన్నదే.