కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారి విద్యార్జనము

నందిగామ, జగ్గయ్యపేట సీమలలో మునియేటి యొడ్డున నున్న పెనుగంచిప్రోలు శ్రీ తిరుపతమ్మవారి తిరునాళ్లకు ప్రసిద్ధి. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమునకు సంపాదకులైన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారికిని అదియే జన్మస్థానము. వారి పాండిత్యమును గూర్చి పెద్దలు పలుమారులు వ్రాసియున్నారు. ఆ చదువు ఎవరి యండను సాగినదో యా సంగతియే ఇట విన్నవింపబూనితిమి.

లక్ష్మణరావుగారు 1877 సం. మే 18వ తేదీని వేంకటప్పయ్య, గంగమ్మ దంపతులకు జన్మించిరి. మూడేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. అట్టి యింటి పిల్లవానికి కళాశాల యెక్కడ? అక్కగారైన అచ్చమాంబ తమ్ముని తమ కాపురమున్న నాగపురమునకు తీసికొనిపోయి చదివించెను. ఆమె 1874లో జన్మించినది. తమ్మునికంటె మూడేండ్లే పెద్ద. బావగారు బండారు మాధవరావుగారు. పరాయి రాష్ట్రమున విద్యార్థికి జీతమొక్కటే వ్యయము కాదు. కూడు, గూడు, పుస్తకములు, దీపపు చమురు అన్నియు వ్యయములే. ఇంటనుంచుకొని యేండ్ల తరబడి బావమరిదిని చదివించువారి పేరులు శిలాఫలకముల కెక్కవు, ఎక్కవలసినవే.

ఇందొక విశేషము గలదు. అచ్చమాంబ పాఠశాల మెట్టెక్కినది కాదు. తమ్ముడు చదువుకొనుచుండగా తానును ప్రక్కన గూర్చుండి అక్షరములు దిద్దెను. పిమ్మట పలుభాషలు నేర్చి, అబలా సచ్చరిత్ర రత్నమాలను రచించెను. 1902లో ధనత్రయోదశి యను కథను ప్రకటించెను. తమ్ముని చదువునకై వెలిగించిన దీపపు వెలుగున అక్కయు పండితురాలాయెను. 1905లో, ముప్పదియొకటవ యేడు నిండకయే ఆమె కాలధర్మము నొందుట మన దురదృష్టము.

లక్ష్మణరావుగారు 1900లో బి.ఎ. పట్టమునంది, అప్పుడు కృష్ణా మండలములోనిదైన మునగాల సంస్థానమున ఉద్యోగమున కుదిరిరి. 1902లో ఎం.ఎ. పరీక్షయందును కృతార్థులైరి. రాజా నాయని వేంకట రంగారావు బహద్దరుగారు వారి విద్యనెరిగి ఆదరించిరి. ఆ యాదరమూలముననే 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞాన చంద్రికా మండలియు వెలసినవి.

పోషకమహాశయులకు ఇట నొక మనవి. నేడు సంస్థానములు లేవు; ప్రభుత్వమువారి ఉపకారవేతనములు గలవు. జాతీయ ఉపకారవేతనముల పోర్టలునందు దరఖాస్తును గడువులోపల పెట్టవలెను. ఆదాయ ధ్రువపత్రము చేతనుండవలెను. బ్యాంకు ఖాతా ఆధారుతో ముడిపడియుండవలెను. పెక్కు వేతనములను ఏటేట పునరుద్ధరించుకొనవలెను. కళాశాల రుసుము తీరినను వసతిగృహపు ఖర్చు నిలిచియుండును గావున దానిని ముందే లెక్కగట్టుకొనుట మేలు. ఈ కాగితముల తెరువెరుగని తల్లిదండ్రుల ప్రక్కన గూర్చుండి పూర్తిచేయించువారును దాతలే. ధనమిచ్చువారు మనలో గలరు, గూర్చుండువారే తక్కువ.

పంతులుగారు పిదప మదరాసున స్థిరపడి విజ్ఞాన సర్వస్వ రచనకు బూనిరి. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1919లో కన్నుమూసినది వీరి యింటనే. మూడు సంపుటములు వెలువడినవి. 1923 జూలై 12వ తేదీని, నలువదియారేండ్లకే, లక్ష్మణరావుగారు దివంగతులైరి. నిలిచిపోయిన ఆ సర్వస్వమును తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు చేపట్టిరి.