అన్యదేశములో పాడిన నెల్లీ సాక్స్

నెల్లీ సాక్స్ 1891 డిసెంబరు 10న బెర్లిన్ పట్టణమందు ఒక యూదు కుటుంబములో జన్మించెను. చిన్ననాటనే స్వీడన్ రచయిత్రి సెల్మా లాగర్‌లోఫ్ నవల చదివి, ఆమెకు ఉత్తరములు వ్రాయసాగెను. ఒక ఉత్తరము ఎవరిని ఎక్కడికి చేర్చునో మనకేమి తెలియును? హిట్లరు దినములలో శిబిరమునకు రమ్మని ఆజ్ఞ వచ్చియుండగా, లాగర్‌లోఫ్ సహాయమువలన 1940 మే నెలలో ముసలి తల్లితో విమానమెక్కి స్వీడన్ చేరెను. ఆ ఉపకారిణి మాత్రము రెండు నెలల ముందే కన్నుమూసెను.

స్టాక్‌హోమ్‌లో వారిది ఇరుకు ఇల్లు. తల్లికి నిద్రాభంగము కలుగకుండ నెల్లీ రాత్రులు చీకటిలోనే వ్రాయుచుండెను. జీవనమునకై స్వీడిష్ కవుల పద్యములను జర్మను భాషలోనికి అనువదించెను. బబులోను నదులయొద్ద చెరవారు తమ సితారాలను చెట్లకు తగిలించిరని 137వ కీర్తనలో చదువుదుము గదా! ఈమె తగిలింపలేదు. తన జనమును చంపినవారి భాషయే ఆమె మాతృభాష. ఆ భాషలోనే మృతులకొరకు విలపించెను. యోబును గూర్చియు వ్రాసెను.

1960లో ఒక బహుమానము కొరకు జర్మనీలో మరల అడుగుపెట్టెను గాని, అక్కడ రాత్రి గడుపలేక స్విట్జర్లాండులో బసచేసెను. తిరిగివచ్చిన పిమ్మట భయము ఆమెను పట్టుకొనగా చాలకాలము ఆసుపత్రిలోనుండెను. అక్కడను వ్రాయుట మానలేదు.

1966లో తన డెబ్బదియైదవ పుట్టినదినముననే, హెబ్రీ రచయిత అగ్నోనుతో కూడ నోబెల్ బహుమానము అందుకొనెను. 1970 మే 12న స్టాక్‌హోమ్‌లోనే మరణించెను.